ప్లాస్టిక్ మాస్కుకి ఆవిరి పట్టకుండా నేను పడ్డ పాట్లు

నీళ్ళ కింద పని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్ళు ఆటోనగర్‌లో మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చి నన్ను అడిగేది ఒక్కటే. "బాబాయ్, ప్లాస్టిక్ అద్దం మాస్కుకి లోపల ఆవిరి పట్టకుండా ఏం చెయ్యాలి?" ఎంత లోతు దిగావు, ఏ గేటు కింద దూరావు, ఎప్పుడు భయపడ్డావు అని ఒక్కడూ అడగడు. ఆవిరి సంగతి వీరభద్రాన్ని అడగండి, బెజవాడ నుంచి సముద్రం దాకా అంత తెలిసినవాడు లేడు అని మావాళ్ళు ప్రచారం చేసేశారు. నేనూ కాదనలేదు. కాలు మీద కాలేసుకుని కూర్చుని, టీ తెప్పించుకుని మరీ చెప్పేవాణ్ణి.

ఆ పేరు నాకెలా వచ్చిందో చెబితే ఉన్న కాస్త పరువూ పోతుంది. అయినా రిటైరయ్యాక పరువు పెట్టుకుని ఏం చేసుకుంటాను? అదీగాక, ఈ పనిలోకి రాబోయేవాళ్ళకి నేను చెప్పగలిగిన ఒకే ఒక్క పనికొచ్చే మాట ఆ కథ చివర్లో ఉంది. కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

అసలు ఏం పని ఇది

డైవరు అనగానే జనానికి రంగురంగుల చేపలు గుర్తొస్తాయి. మా ఆవిడ సామ్రాజ్యం పెళ్ళైన కొత్తలో, "నీళ్ళల్లో ఏం కనపడతాయండీ?" అని ఎంతో ఆశగా అడిగింది. పాచి, బురద, గుర్రపుడెక్క వేళ్ళు, పాలిథీన్ కవర్లు, వినాయక చవితి అయ్యాక విగ్రహాల్లోంచి తేలిన ఇనప చువ్వలు అని చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

మాది పెడన దగ్గర నేత కుటుంబం. మా నాన్న పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. వెలుతురు లేని ఆ గుంటలో బతకడం నావల్ల కాదని బెజవాడ పారిపోయి వచ్చాను. వచ్చి, తలకాయ కూడా కనపడని గుంటల్లో దిగే పనిలో చేరాను. "ఏరా, అక్కడ బాగా వెలుతురుగా ఉందా?" అని మా నాన్న బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు.

ప్రసాదు గారని ఒక కాంట్రాక్టరు దగ్గర నా సర్వీసు మొత్తం గడిచింది. కాలువల లాకులు, డ్రెయిన్ల మీది షట్టర్లు, వంతెనల స్తంభాలు, పంపుహౌసుల జాలీలు, ఇలా నీళ్ళ అడుగున ఏది పాడైనా చూసి చెప్పడం, వీలైతే బాగుచెయ్యడం మా పని. ఒడ్డున కంప్రెసరు ఆడుతుంది, గొట్టంలోంచి గాలి వస్తుంది, నడుముకి తాడు ఉంటుంది. ఆ తాడు రెండో కొస పట్టుకున్నవాడే మన ప్రాణం. నా తాడు పట్టేది నాంచారయ్య. అవనిగడ్డ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. మాట తక్కువ. నేను వాడి వాటా కూడా కలిపి మాట్లాడేవాణ్ణి కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఈ పనిలో చెయ్యి కంటే కన్ను ముఖ్యం. కిందికి దిగినవాడు పైకొచ్చి ఏం చెబితే దాన్ని నమ్ముకునే ఒడ్డున ఉన్న ఇంజనీర్లు నిర్ణయాలు తీసుకుంటారు. వెళ్ళి సరిచూసుకునే దారి వాళ్ళకి లేదు. ఇంత బరువున్న ఉద్యోగం నాబోటి వాగుడుకాయకి ఎలా ఇచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

ప్రసాదు గారి ప్లాస్టిక్

మాస్కులు కొనేది ప్రసాదు గారే. గవర్నర్‌పేటలో స్పోర్ట్స్ సామాను అమ్మే కొట్టుకి వెళ్ళి ప్లాస్టిక్ అద్దంవి బేరమాడి తెచ్చేవారు. గాజువి కొనండి సార్ అంటే, "గాజు పగిలి కంట్లో గుచ్చుకుంటే మీ ఆవిడకి నేనేం జవాబు చెప్పనయ్యా?" అనేవారు. మా ఆవిడ మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందని అప్పటిదాకా మాకు తెలియదు.

ఆయన గురించి ఉన్నమాట చెప్పాలి. పీనాసి. సామాను దగ్గర ప్రతిదానికీ గీచి గీచి బేరం. కానీ నీళ్ళు ఉరవడిగా ఉన్నాయి, ఇవాళ దిగం అని మేమంటే ఏనాడూ బలవంతం చెయ్యలేదు. ఎదురుగా ఎంత పెద్ద ఆఫీసరు నిలబడి అరుస్తున్నా, "మావాళ్ళు దిగలేమన్నారండీ" అని తనే తిట్లు తినేవారు. గాజు మాస్కు కొనిచ్చి వరదలో దింపే యజమాని కంటే ప్లాస్టిక్ మాస్కు ఇచ్చి ఒడ్డున కూర్చోబెట్టేవాడు మేలు. మీకు అలాంటివాడు దొరికితే మాస్కు గురించి సణగకండి.

ప్లాస్టిక్ అద్దంతో చిక్కేమిటంటే, అది తేలిగ్గా గీతలు పడుతుంది, వేడికి ఆగదు, కొట్టులోంచి వచ్చేటప్పుడే లోపల జిడ్డు పొర ఒకటి ఉంటుంది. వేడన్నం మీద మూత పెడితే మూత లోపల నీళ్ళు పడతాయి చూడండి, మాస్కులోనూ జరిగేది అదే. మన ముఖం వేడి, బయట నీళ్ళు చల్లన, మధ్యలో అద్దం. ఆ అద్దానికి జిడ్డున్నా, గీతలున్నా ఆవిరి అక్కడే బొట్లుబొట్లుగా పట్టుకుని వేళ్ళాడుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను చేసిన వెధవపనులు ఇప్పుడు చెబుతాను.

కర్పూరం

విశాఖపట్నం నుంచి ఒక పెద్ద డైవరు ఏదో పని మీద వచ్చి మా షెడ్డులో రెండ్రోజులున్నాడు. మాస్కు కొత్తదైతే లోపలి జిడ్డు పోవడానికి లైటరు మంటని అద్దం మీద అటూ ఇటూ ఆడించాలని ఆయన చెప్పాడు. "గాజు అద్దమైతేనే సుమా" అని కూడా చెప్పే ఉంటాడు. నేను అప్పటికే సగం విని బుర్ర ఊపేస్తున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. బెజవాడలో ఆయుధపూజ అంటే ఆటోనగర్‌లో చూడాలి. స్పానర్లకి, జాకీలకి, లేతు మిషన్లకి అన్నిటికీ పసుపూ కుంకుమా. మేం కంప్రెసరుకి దండ వేసి, ముందు పీట మీద కొత్త మాస్కులన్నీ వరసగా పేర్చాం. హారతి పళ్ళెం నా చేతికి ఇచ్చారు. కర్పూరం వెలుగుతుంటే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అమ్మవారికి హారతి, మాస్కుకి వైద్యం, రెండూ ఒక్క మంటతో అయిపోతాయి గదా అని.

ఒక్కో మాస్కునీ తిప్పి, కర్పూరం మంట మీద భక్తిగా ఆడించాను. మొదటిదానికి నల్లగా మసి పట్టింది. జిడ్డు కాలిపోతోంది అనుకుని రెండోదాన్ని ఇంకాస్త దగ్గరగా పెట్టాను. అద్దం అప్పడంలా బుడగ లేచింది. నాంచారయ్య నా మోచెయ్యి పట్టుకునేసరికి మూడోదీ అయిపోయింది.

ప్రసాదు గారు చూశారు. పండగపూట కాబట్టి గొంతు పెంచలేదు. "ఏమయ్యా వీరభద్రం, గుమ్మడికాయ కొడతావనుకున్నాను గానీ మాస్కులు కాలుస్తావనుకోలేదు" అన్నారు. దాంతో షెడ్డులో నా పేరు హారతి వీరభద్రం అయిపోయింది. చాలా ఏళ్ళు ఉంది ఆ పేరు.

మంట తర్వాత టూత్‌పేస్టు. అదీ గాజుకి పనిచేసేదే. పేస్టుతో ఆగానా? మా అత్తగారు వాడే పళ్ళపొడి గరుగ్గా ఉంటుంది, ఇంకా బాగా తోముతుందని దాంతో తోమాను. అద్దం తెల్లారగట్ల పొగమంచులా తయారైంది. ఆవిరి పట్టిందో లేదో కూడా తెలియని పరిస్థితి కాబట్టి ఒక విధంగా సమస్య తీరిందనే చెప్పాలి.

కుంకుడు రసం

నాకు యాభై దాటాక ఒక ఎండాకాలం నుంచి ఈ ఆవిరి మరీ ఎక్కువైంది. ముందు అప్పుడప్పుడూ పట్టేది. తర్వాత దిగిన ప్రతిసారీ పట్టేది. నాంచారయ్య మాస్కుకి పట్టేది కాదు, నాదానికే పట్టేది. నా ఊపిరి వాడికంటే వేడి అని తేల్చాను. ప్రసాదు గారు ఈమధ్య మరీ చవకరకం కొంటున్నారని కూడా తేల్చాను. ఆ కాలంలో ఇంట్లో ట్యూబులైట్లు కూడా నాసిరకంవే వచ్చాయి, రెండుసార్లు మార్పించాను. బస్సుల మీద ఊళ్ళ పేర్లు సన్నగా రాస్తున్నారని డిపోలో ఒకాయనతో పోట్లాడాను. లోకమంతా నాణ్యత తగ్గిపోయింది, నేనొక్కణ్ణే మారకుండా ఉన్నాను అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం సామ్రాజ్యం కుంకుడుకాయలు కొట్టి నానబెడుతోంది. ఆ నురగ చూసి, జిడ్డుని విరిచేది ఇదే గదా అనిపించింది. ఒక సీసాలో రసం పోయించుకున్నాను.

"దేనికండీ?" అంది.

"మాస్కుకి."

"కళ్ళ దగ్గర పెట్టుకునేదానికి కుంకుడు రసమా? చిన్నప్పుడు తలంటు పోసుకోలేదా మీరు?"

పోసుకున్నాను. ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడూ ఆ మంట మరిచిపోడు. కానీ పరిశోధన చేసేవాడికి ఇలాంటివి అడ్డు రాకూడదనుకున్నాను. మర్నాడు కొండపల్లి దాటాక ఒక పంపుహౌసు దగ్గర పని. అద్దానికి లోపల రసం పట్టించాను. కడిగితే గుణం పోతుందేమోనని కడగలేదు. దిగాను. ఆవిరి పట్టలేదు, అది నిజం. కానీ కాసిని నీళ్ళు లోపలికి కారి, ఆ రసం కరిగి రెండు కళ్ళల్లోకీ దిగింది. నేను తాడుని ఎన్నిసార్లు లాగానో నాకే తెలియదు. నాంచారయ్య నన్ను ఏ మొసలో పట్టుకుందనుకుని శక్తి కొద్దీ లాగాడు. పైకొచ్చి మాస్కు విసిరేసి గట్టు మీద పొర్లుతుంటే వాడు వాసన చూసి, "ఇవాళ ఆదివారం కాదు గదా అన్నయ్యా" అన్నాడు.

ఇక ఆ తర్వాత పట్టుదల వచ్చింది. ఎక్కడ ఎవరు ఏం చెప్పినా చేసి చూశాను. చివరికి తేలిన సారాంశం ఇది, రాసిపెట్టుకోండి. కొత్త ప్లాస్టిక్ మాస్కుని గిన్నెలు తోమే ద్రావణం రెండు చుక్కలతో, వేళ్ళతో మాత్రమే, మెత్తగా రుద్ది కడగాలి. పీచు, పొడి, పేస్టు, స్పిరిటు, మంట ఏవీ దాని దగ్గరికి రాకూడదు. నీళ్ళలో దిగేముందు పసిపిల్లల షాంపూ కాస్త నీళ్ళు కలిపి లోపల పూసి, ఒక్కసారి తొలిపి వదిలెయ్యాలి. షాంపూ లేకపోతే ఉమ్మే గతి, సిగ్గుపడక్కర్లేదు. మాస్కుని ముందు కాసేపు నీళ్ళలోనే ఉంచి చల్లబరచాలి. సినిమా హీరోలాగా నుదుటి మీదికి ఎత్తి పెట్టుకోకూడదు, అక్కడి చెమటంతా దానికే ఎక్కుతుంది. తలకి కొబ్బరినూనె రాసుకుని రాకూడదు. ముక్కుతో ఊపిరి వదలకూడదు. మీసం ఉంటే నీళ్ళు కారతాయి. నేను మీసం కూడా తీయించాను. సామ్రాజ్యం నాలుగురోజులు నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇవన్నీ మంచి పద్ధతులే. ఇప్పటికీ వాటిలో ఒక్కటీ తప్పు కాదు. మిగతావాళ్ళందరికీ అవి బ్రహ్మాండంగా పనిచేశాయి, నా పేరు కూడా ఊరూరా పాకింది. నా ఒక్కడి మాస్కుకే ఆవిరి వదల్లేదు.

షట్టరు కింద

నారుమళ్ళు పోసే రోజుల్లో నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా ఒక డ్రెయిను దగ్గరికి పిలిచారు. అక్కడ నీళ్ళకి అడ్డంగా వరసగా ఇనప షట్టర్లు ఉంటాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్ళు పొలాల వైపు ఎగదన్నకుండా వాటిని దించేస్తారు. పాటు సమయంలో ఎత్తి, పొలాల మురుగు వదులుతారు. ఒక షట్టరు కింద తాటిదుంగ ఇరుక్కుంది. షట్టరు దిగడం లేదు. మళ్ళీ పోటు వచ్చేలోగా దించకపోతే నారుమళ్ళలోకి ఉప్పు ఎక్కుతుందని రైతులు గట్టు మీద గుంపుగా నిలబడ్డారు.

చెయ్యాల్సింది సులువుగానే ఉంది. షట్టరుని గొలుసులతో ఇంకాస్త పైకెత్తి, నాంచారయ్య దాని కిందికి దూరి, దుంగకి వైరు తాడు కట్టి రావాలి. వాడు కింద ఉన్నంతసేపూ ఆ షట్టరు బరువంతా రెండు వైపులా ఉన్న గొలుసుల మీదే ఉంటుంది. ఆ గొలుసులు షట్టరుకి తగిలించిన చోట లావుపాటి పిన్నులుంటాయి, నీళ్ళ అడుగున. అవి గట్టిగా ఉన్నాయో లేదో ముందు దిగి చూడటం నా పని. మా గుంపులో మొదటి నుంచీ అదే పద్ధతి. పెద్దవాడు చూస్తాడు, పెద్దవాడు బాగుందంటే చిన్నవాడు దూరతాడు.

షాంపూ పూశాను, తొలిపాను, చల్లబరిచాను, దిగాను. కుడివైపు పిన్ను చేత్తో తడిమాను, గట్టిగా తగిలింది. ఎడంవైపుది నాచు పట్టి ఉంది. కళ్ళు దగ్గరగా పెట్టి చూశాను. తెల్లటి మసక, అందులో నల్లటి ముద్ద. ఉన్నట్టే అనిపించింది.

పైకొచ్చాను.

"ఎట్టా ఉన్నయ్యి అన్నయ్యా?" అన్నాడు నాంచారయ్య.

"మాస్కుకి ఆవిరి పట్టి చచ్చింది. అయినా బానే ఉన్నట్టున్నాయి."

వాడు గాలిగొట్టం నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఉన్నయ్యా, ఉన్నట్టున్నయ్యా?"

"ఏంట్రా, ఇన్నేళ్ళ నుంచీ లేనిది ఇవాళ ఈ ప్రశ్నలు?"

"దూరేది నేను గదా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. తన మాస్కు నా చేతిలో పెట్టాడు. "ఇది పెట్టుకుని చూడు. ఇందాక నేనే కడిగా."

గట్టు మీద నుంచి ఒక పెద్దాయన, "తొందరగా కానీండయ్యా, పోటు తగలబోతంది" అని కేకేశాడు. మళ్ళీ దిగాను. మళ్ళీ అదే మసక. పైకొచ్చి, "నీది కూడా అంతే. షాంపూ సరిగ్గా పుయ్యలేదు నువ్వు" అని వాడినే కసిరాను.

నాంచారయ్య ఆ మాస్కు తీసుకుని, పెట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి చూశాడు. తలెత్తాడు. "అద్దం కడిగిన కంచంలాగా ఉంది అన్నయ్యా. మాస్కు లేకుండా ఒకసారి అటు చూడు. ఎదర షట్టరు మీద పెయింటుతో నంబరేసుంది. ఎంతది?"

చూశాను. ఇనుము మీద ఒక తెల్లటి మరక. కళ్ళల్లో నీళ్ళు పడ్డాయన్నాను. వాడు తుండుగుడ్డ ఇచ్చాడు. తుడుచుకున్నాను. మరక మరకలాగే ఉంది. ముఖానికి మాస్కు లేదు, ఆవిరి లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ.

మా గట్టు నుంచి లెక్కపెడితే అది మూడో షట్టరు. మూడు అని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే పని సాగిపోతుంది, రైతులు ఊరుకుంటారు, నా ఉద్యోగం ఉంటుంది. కళ్ళు కనపడని డైవరుని ఎవడు పెట్టుకుంటాడు? నాకు వేరే పని ఏదొచ్చు? మగ్గం కూడా సరిగ్గా నేర్చుకోలేదు. అప్పుడు నాంచారయ్యని చూశాను. గొట్టం చేతిలో పట్టుకుని, నేను మూడంటే దూరిపోవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. వాడి ముఖం కూడా నాకు సరిగ్గా కనపడటం లేదని అప్పుడు తెలిసింది.

"కనపడట్లేదురా" అన్నాను.

వాడు తాడు నా చేతికిచ్చి తనే దిగాడు. ఎంతోసేపు పట్టలేదు. పైకొచ్చి గొట్టం తీసి, "ఎడంపక్క పిన్ను సగం బయటికొచ్చేసింది. దాన్ని ఆపే చీల ఊడిపోయింది. నాచుని పట్టుకుని వేళ్ళాడతంది" అన్నాడు.

గట్టు మీద చతికిలబడిపోయాను. నా సగం చూపుని నమ్ముకుని వాడు దూరి ఉంటే, కింద ఉండగా ఆ పిన్ను జారి ఉంటే అనే ఆలోచన ఇప్పటికీ ఒక్కోసారి అన్నం తింటుండగా వస్తుంది.

బరువులెత్తే చెయిన్ బ్లాకు తెప్పించి, పిన్ను మార్చి, దుంగ లాగేసరికి పోటు మొదలైంది. గట్టుకి ఆనుకుని ఉన్న నారుమళ్ళలోకి కొంచెం ఉప్పునీళ్ళు వెళ్ళాయి. రైతులు నన్ను పేరు పెట్టి తిట్టారు. నాంచారయ్య నా పక్కన కూర్చుని పకోడీలు తింటున్నాడు. ఆ తిట్లు వింటుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తిరుగుదారిలో వ్యానులో వాడిని అడిగాను. "ఇంతకీ ఆ నంబరు మూడేనా?"

"ఐదు" అన్నాడు. "అవతల గట్టు నుంచి వేశారు."

కంటి డాక్టరమ్మ

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు బాగా ముదిరాయంది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళూ ఎలా ఊరుకున్నారండీ?"

"మాస్కు అనుకున్నానండీ" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. సామ్రాజ్యం పూనుకుని కుంకుడు రసం దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. నా మీసం సంగతి కూడా వదల్లేదు. పక్క గదిలోంచి నర్సులు వచ్చి మరీ విన్నారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, పాడైన కటకం తీసేసి లోపల చిన్న లెన్సు పెడతామని చెప్పింది.

"గాజుదాండీ?" అన్నాను.

"కాదు, ఒక రకం ప్లాస్టిక్."

ప్రసాదు గారు ఇక్కడిక్కూడా వచ్చారా అని చుట్టూ చూశాను. "మరి దానికి ఆవిరి పట్టదుగా?"

"ఆవిరి పట్టదు. కొంతమందికి కొన్నాళ్ళయ్యాక లెన్సు వెనకున్న పొర మసకబారుతుంది. అప్పుడు లేజరుతో సరిచేస్తాం. మీరు మాత్రం ఏమీ పుయ్యకండి" అంది. చీటీ మీద మందులు రాస్తూ, "కుంకుడు రసం అసలొద్దు" అని సామ్రాజ్యానికి మళ్ళీ చెప్పింది.

రెండో కన్ను కూడా అయ్యాక షెడ్డుకి వెళ్ళాను. ముందు నా పాత మాస్కులు తీసి వెలుతురులో పట్టుకుని చూశాను. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నేను పళ్ళపొడి వేసి తోమిన గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనపడ్డాయి. నాంచారయ్య టీ పట్టుకొచ్చాడు. వాడి జుట్టు సగానికి పైగా తెల్లబడి ఉంది.

"ఎప్పుడయ్యిందిరా ఇది?" అన్నాను తల చూపించి.

"చానాళ్ళయ్యింది అన్నయ్యా" అన్నాడు.

తాడు రెండో కొస

నన్ను ప్రసాదు గారు తీసెయ్యలేదు. వయసు ఎలాగూ మీద పడింది కాబట్టి దిగే పని నాంచారయ్యకిచ్చి, తాడు పట్టే పని నాకిచ్చారు. రిటైరయ్యేదాకా ఒడ్డునే ఉన్నాను. ఇప్పుడు కూడా తోచనప్పుడు వెళ్ళి మాస్కులు కడిగిపెట్టి వస్తాను. ఎవరైనా ఆవిరి గురించి అడిగితే షాంపూ దగ్గర్నుంచి అన్నీ చెబుతాను. చెప్పి, ముందు వెళ్ళి కళ్ళు చూపించుకుని రమ్మంటాను. వాళ్ళు నవ్వుతారు. పాతికేళ్ళవాడికి కళ్ళకేమవుతుంది అని వాళ్ళ ధీమా. నాకూ యాభై దాటాక అదే ధీమా ఉండేది.

షట్టరు సంగతి జరిగాక మా గుంపులో పాత పద్ధతి పోయింది. దూరేవాడు తన కంటితో తను చూసుకోవాలి. పైకొచ్చినవాణ్ణి తాడు పట్టినవాడు ఒకే మాట అడగాలి, "కనపడిందా, అనిపించిందా?" అని. ఈ ప్రశ్న పెట్టింది నాంచారయ్య. నన్ను ఉద్దేశించి పెట్టాడని అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

నేను తాడు పట్టిన ఆఖరి పని ఒక కాలువ లాకుల దగ్గర. పై అధికారులు నలుగురు గట్టు మీద గొడుగులేసుకుని నిలబడ్డారు. మాస్కు నేనే కడిగి, పూసి, తొలిపి ఇచ్చాను. నాంచారయ్య దిగి, తలుపు అడుగున పగులుందేమో చూసి పైకొచ్చాడు.

"కనపడిందా, అనిపించిందా?" అన్నాను.

"అనిపించింది అన్నయ్యా. కనపళ్ళేదు" అన్నాడు, అధికారులందరూ వింటుండగా, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.

అలవాటు ఎక్కడికి పోతుంది? "మాస్కుకి ఏమన్నా ఆవిరి..." అని మొదలుపెట్టాను.

"మాస్కు శుభ్రంగా ఉంది. నీళ్ళే బురదగా ఉన్నయ్యి. తేరుకోనిచ్చి మళ్ళీ దిగుతా" అన్నాడు.

ఒక అధికారి వాచీ చూసుకుని విసుక్కున్నాడు. ప్రసాదు గారు ఎప్పటిలాగే, "మావాడికి కనపళ్ళేదటండీ" అన్నారు. ఆ మాట మీద ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరూ నవ్వలేదు. నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కసారి, అదీ తప్పనిసరై అన్న మాట అది. వాడు మామూలుగా అనేసి, లాకుల మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. నేను తాడు చేతికి చుట్టుకుని, నీళ్ళు తేరుకునేదాకా వాడి పక్కనే కూర్చున్నాను.